ముందు నీరు, ఆ తరువాతే చేప

ఉత్తరాంధ్ర జిల్లాలలోని అనేక కుటుంబాలకు జంషెడ్‌పూర్ పేరు కొత్తది కాదు. 1907లో టాటా ఉక్కు సంస్థ ఏర్పడిన తరువాతి దశాబ్దాలలో శ్రీకాకుళం, విజయనగరం, విశాఖపట్నం ప్రాంతాల నుండి ఉపాధికై వెళ్ళినవారు అక్కడ స్థిరపడి, తమ భాషనూ పండుగలనూ నిలుపుకొంటూ వచ్చారు. 1945లో టెల్కో ఏర్పడింది. 2003లో ఆ సంస్థ టాటా మోటార్స్‌గా పేరు మార్చుకొన్నది. రాష్ట్రం కూడా 2000లో బీహారు నుండి విడివడి ఝార్ఖండ్ అయింది. టెల్కో కాలనీ పేరు మాత్రం మారలేదు. షిఫ్టు డ్యూటీలు, క్వార్టర్లు, ఇంటి ముందు చిన్న తోట, సాయంత్రపు నడక – ఇవన్నీ మన టౌన్‌షిప్పులలోని జీవితానికి ఏమాత్రం తీసిపోవు.

అటువంటి కాలనీలలో చిరకాలంగా ఉన్న అభిరుచి చేపల పెంపకం. గాజు గిన్నెలో రెండు బంగారు చేపలతో మొదలయ్యే ఈ ముచ్చట, కొందరి ఇళ్ళలో ఐదారడుగుల పెద్ద అక్వేరియం వరకు పెరుగుతుంది. అంతటి తొట్టెలలో పెంచదగిన చేపలలో సిక్లిడ్ జాతివి ముఖ్యమైనవి. టెల్కో కాలనీలో నివసిస్తున్న మా అక్కయ్యగారి ఇంట ఇటువంటి తొట్టె ఒకటి ఏర్పాటు చేసినప్పుడు, అందలి లెక్కలలోనూ పనులలోనూ పాలుపంచుకొనే అవకాశం ఈ వ్యాసకర్తకు కలిగింది. ఆ వివరాలు మన సంస్థ ఉద్యోగుల కుటుంబాలకు ఉపయోగపడగలవన్న ఉద్దేశంతో ఈ వ్యాసం వ్రాయడమైనది.

ముందుగా ఒక్క మాట. చక్కగా పోషిస్తే అనేక సిక్లిడ్ రకాలు ఎనిమిది నుండి పది సంవత్సరాలు జీవిస్తాయి. అయినప్పటికీ ఇళ్ళకు వచ్చిన చేపలలో ఎన్నో మొదటి నెలలోనే చనిపోతుంటాయి. అందుకు కారణం చాలా సందర్భాలలో రోగం కాదు. సిద్ధం కాని నీరు. ఏ కర్మాగారంలోనైనా యంత్రాలు బిగించిన మర్నాడే పూర్తి ఉత్పత్తికి దిగము. అమరిక, తనిఖీ, ట్రయల్ రన్ అన్నీ ముగిసిన తరువాతే లోడ్ ఎక్కిస్తాము. అక్వేరియం విషయంలోనూ ఇదే క్రమం పాటించాలి. ఇక్కడ లోడ్ అంటే ప్రాణమున్న చేప అన్నదొక్కటే తేడా.

సిక్లిడ్‌లు అంటే ఏవి?

సిక్లిడ్‌లు వెన్నెముక గల ప్రాణులలోని అతి పెద్ద కుటుంబాలలో ఒకటి. శాస్త్రజ్ఞులు ఇప్పటివరకు 1,700కు పైగా రకాలను వర్ణించారు. ఆఫ్రికా, దక్షిణ అమెరికా, మధ్య అమెరికా ఖండభాగాలు వీటి ప్రధాన నివాసాలు. అక్వేరియం దుకాణాలలో కనిపించే ఏంజెల్, డిస్కస్, ఆస్కార్ చేపలు దక్షిణ అమెరికాకు చెందిన సిక్లిడ్‌లు. పసుపు, నీలం రంగులలో మెరిసే చిన్న చేపలలో అధిక భాగం తూర్పు ఆఫ్రికాలోని మలావీ సరస్సు సంతతి. 700 మీటర్లకు పైగా లోతున్న ఆ సరస్సులో వందలాది సిక్లిడ్ రకాలు ఉన్నాయి. వాటిలో చాలా వరకు ప్రపంచంలో మరెక్కడా సహజంగా కనిపించవు.

భారతదేశానికి కూడా సొంత సిక్లిడ్‌లు ఉన్నాయన్న సంగతి చాలామందికి తెలియదు. మన దేశంలో సహజంగా ఉన్నవి మూడే రకాలు. కేరళీయులు ప్రీతితో భుజించే కరిమీన్ అందులో మొదటిది. కేరళ ప్రభుత్వం 2010లో దీనిని రాష్ట్ర చేపగా ప్రకటించింది. మన పులికాట్ సరస్సులోను, ఒడిశాలోని చిలికా సరస్సులోను కూడా ఇది దొరుకుతుంది. రెండవది నారింజ రంగు గల చిన్న చేప. మూడవది కర్ణాటక నదులకు మాత్రమే పరిమితం. కరిమీన్ ఒంటిమీద చేరిన పరాన్నజీవులను ఆ చిన్న నారింజ చేపలు ఏరి తిని శుభ్రం చేస్తాయని 1972లో ప్రచురితమైన ఒక పరిశోధన వివరించింది. ఈ భారతీయ సిక్లిడ్‌లకు దగ్గరి బంధువులు హిందూ మహాసముద్రానికి ఆవల, మడగాస్కర్ దీవిలో ఉండడం మరొక విశేషం. సంతలలో అమ్మే తిలాపియా కూడా సిక్లిడే గాని, అది ఆఫ్రికా చేప; 1952లో మన దేశానికి తీసుకొనిరాబడింది.

సిక్లిడ్‌ల పట్ల ఇంతటి ఆసక్తికి కారణం రంగులొక్కటే కాదు, వాటి సంతాన పోషణ. మలావీ సరస్సు చేపలలో తల్లి గుడ్లను నోటిలో ఉంచుకొని పొదుగుతుంది. సుమారు మూడు వారాల పాటు దాదాపు ఆహారం లేకుండా, పిల్లలు స్వయంగా ఈదగలిగే వరకు వాటిని నోటిలోనే కాపాడుతుంది. మన నారింజ సిక్లిడ్ పిల్లలైతే తల్లిదండ్రుల ఒంటిమీది జిగురును కొరుకుతూ తొలి ఆహారంగా స్వీకరిస్తాయి. తొట్టెలో నెల రోజులు గమనించినవారు వీటిని అలంకరణ వస్తువులుగా చూడలేరు.

నేల మోయగలదా?

అక్కయ్యగారి ఇంట ఎంచుకొన్న తొట్టె పొడవు 150 సెంటీమీటర్లు, వెడల్పు 60, ఎత్తు 60. వాడుక భాషలో ఐదడుగుల తొట్టె. దీనిని కొనడానికి ముందు వేయవలసిన మొదటి లెక్క ధరది కాదు, బరువుది.

పై అంచు నుండి కొద్దిగా తగ్గించి నింపితే ఇందులో సుమారు 480 లీటర్ల నీరు పడుతుంది. అంటే 480 కిలోలు. 12 మిల్లీమీటర్ల మందం గల గాజు సుమారు 100 కిలోలు. రాళ్ళు, ఇసుక, ఇనుప స్టాండు కలిపి మరొక 120 నుండి 150 కిలోలు. వెరసి 700 కిలోలకు పైమాట. ఇది నిలిచే స్థలం 0.9 చదరపు మీటరు మాత్రమే. అనగా చదరపు మీటరుకు దాదాపు 800 కిలోల భారం. మన దేశపు భవన ప్రమాణమైన ఐ.ఎస్. 875 రెండవ భాగం ప్రకారం నివాస గదుల నేలకు చదరపు మీటరుకు సుమారు 200 కిలోల భారాన్ని లెక్కలోకి తీసుకొంటారు. తొట్టె క్రింది భారం అందుకు నాలుగు రెట్లు!

ఈ అంకెలు చూసి భయపడవలసిన పని లేదు. ప్రమాణంలోని భారం గది అంతటా పరచుకొన్నదిగా భావించి చెప్పినది. తొట్టె గదిలో ఒక మూల మాత్రమే ఉంటుంది. అయితే అశ్రద్ధ కూడా తగదు. క్రింది అంతస్తు అన్నింటికంటె శ్రేయస్కరం. పై అంతస్తులో తప్పనిసరైతే, భారం మోసే గోడకు ఆనుకొని, దూలానికి దగ్గరగా ఉంచాలి. గది నడుమన గాని, బాల్కనీ మీద గాని ఎట్టి పరిస్థితిలోను ఉంచరాదు. క్వార్టరు సంస్థ ఆస్తి కనుక సివిల్ విభాగం వారి సలహా, అనుమతి ముందుగానే పొందడం ఉద్యోగి విధి. అక్కయ్యగారిది క్రింది అంతస్తు అయినప్పటికీ బావగారు ఈ పని పూర్తి చేసిన తరువాతే స్టాండు చేయించారు.

గాజు మీద ఒత్తిడి

నీటి ఒత్తిడి లోతును బట్టి పెరుగుతుంది. 55 సెంటీమీటర్ల లోతు నీరు ఐదడుగుల ముందు గాజును మొత్తం మీద సుమారు 225 కిలోల బలంతో నెడుతుంది. ఇద్దరు ముగ్గురు పెద్దవారు ఆ అద్దానికి ఆనుకొని నిలబడినట్లన్నమాట. ఈ బలం లోతు యొక్క వర్గాన్ని బట్టి మారుతుంది. లోతు రెట్టింపైతే బలం నాలుగు రెట్లవుతుంది. తొట్టె ముందు నుండి వెనుకకు ఎంత వెడల్పున్నా ముందు గాజు మీది ఒత్తిడి మారదు. కనుక ఎక్కువ నీరు కావాలనుకొనేవారు ఎత్తు పెంచే బదులు వెడల్పు పెంచడం మేలు. సిక్లిడ్‌లు అడుగుభాగంలో తమ తమ హద్దులు ఏర్పరచుకొనే చేపలు కనుక వాటికీ అదే హితం.

పై అంచుల వెంబడి గాజు పట్టీలు, మధ్యలో ఒక అడ్డపట్టీ ఉంటే పలకలు వంగవు. అతికించడానికి వాడే సిలికోన్ బూజు నిరోధక మందు కలపనిదై ఉండాలి. స్నానాల గదులకు అమ్మే రకంలో ఆ మందు ఉంటుంది. అది చేపలకు హానికరం. అతికించాక కనీసం వారం రోజులు ఆరనిచ్చి, వరండాలోనో పెరట్లోనో నీరు నింపి రెండు మూడు రోజులు పరీక్షించాలి. స్టాండు నాలుగు వైపులా స్పిరిట్ లెవెల్‌తో సరిచూచి, తొట్టె క్రింద థర్మోకోల్ పలక పరిస్తే చిన్న చిన్న ఎగుడుదిగుడులు గాజు మీద భారం మోపకుండా అది సర్దుకొంటుంది. ఒక మూల మాత్రమే ఆనిన తొట్టె ఎంత మందం గాజుదైనా ఏదో ఒకనాడు పగలక తప్పదు.

రాళ్ళు, ఇసుక

మలావీ చేపలకు రాతి గుహలు కావాలి. బలహీనమైన చేప దాగడానికి, తల్లి చేప విశ్రమించడానికి అవే ఆశ్రయం. ఇవి నిరంతరం ఇసుకను తవ్వుతాయి కనుక, ముందుగా రాళ్ళను అడుగున పరచిన ప్లాస్టిక్ జాలీ మీద స్థిరంగా అమర్చి, ఆ తరువాతే ఇసుక పోయాలి. ఇసుక మీద నిలబెట్టిన రాయి, క్రింద తవ్వకం జరిగినప్పుడు దొర్లి గాజును పగలగొట్టగలదు.

సింహభూమ్ ప్రాంతంలో నివసించేవారు ఈ సందర్భంలో ఒక జాగ్రత్త పాటించాలి. ఘాట్‌శిల, మోసాబనీ పరిసరాలు ప్రసిద్ధమైన రాగి ఖనిజ వలయం. ఆ వైపు విహారానికి వెళ్ళినప్పుడు పచ్చని చారలతో అందంగా కనిపించే రాళ్ళు తెచ్చి తొట్టెలో పెట్టాలనిపించడం సహజం. ఆ పచ్చదనం రాగి సంబంధమైనది కావచ్చు. నీటిలో కరిగిన రాగి అతి స్వల్ప మోతాదులో కూడా జలచరాలకు విషం. అదేవిధంగా ఉక్కు కర్మాగారాల పరిసరాలలో దొరికే, గాజువలె మెరిసే స్లాగ్ ముక్కలు కూడా వాడరాదు. మామూలు నల్లరాయి, బాగా కడిగిన నది ఇసుక చాలు. రాయి మీద నాలుగు చుక్కల వినెగర్ వేసినప్పుడు నురగ వస్తే అందులో సున్నం ఉన్నట్లు. అది నీటిని క్షారయుతం చేస్తుంది. మలావీ చేపలకు అది మంచిదే. ఏంజెల్, డిస్కస్‌లకు కాదు.

కంటికి కనిపించని కార్మికులు

ఇక అసలు విషయానికి వద్దాము. చేప మొప్పల ద్వారాను, మలం ద్వారాను, మిగిలిపోయిన ఆహారం కుళ్ళడం వలనను నీటిలో అమ్మోనియా చేరుతుంది. ఇది చేపకు విషం. ప్రకృతిలో కొన్ని రకాల బాక్టీరియా ఈ అమ్మోనియాను నైట్రైట్‌గా మారుస్తాయి. నైట్రైట్ కూడా విషమే. మరికొన్ని రకాలు ఆ నైట్రైట్‌ను నైట్రేట్‌గా మారుస్తాయి. నైట్రేట్ స్వల్ప పరిమాణంలో ఉన్నంతవరకు ప్రమాదం లేదు. వారం వారం కొంత నీరు మార్చి దానిని అదుపులో ఉంచవచ్చు.

ఈ బాక్టీరియా నీటిలో తేలుతూ ఉండవు. ఫిల్టరులోని స్పాంజి, పింగాణీ ముక్కలు, రాళ్ళ ఉపరితలాలను అంటిపెట్టుకొని పెరుగుతాయి. కొత్త తొట్టెలో అవి తగినంతగా వృద్ధి చెందడానికి సాధారణంగా నాలుగు నుండి ఆరు వారాలు పడుతుంది. నీరు అద్దంలా తేటగా ఉన్నంత మాత్రాన అది సిద్ధమైనట్లు కాదు. తేటనీటిలోనే చేపలు చనిపోవడానికి కారణం ఇదే.

ఈ ఆరు వారాలు చేపలను బలి చేయనక్కరలేదు. పూర్వం రాగి పాత్రలకు కళాయి వేసేవారు వాడిన నవాసారం, అనగా అమ్మోనియం క్లోరైడ్, ఇందుకు చక్కగా పనికివస్తుంది. ప్రయోగశాలలో వాడే శుద్ధమైన రకం తీసుకోవాలి. 480 లీటర్ల నీటిలో 3 గ్రాములు కలిపితే లీటరుకు సుమారు 2 మిల్లీగ్రాముల అమ్మోనియా ఏర్పడుతుంది. ఫిల్టరును రాత్రింబవళ్ళు నడుపుతూ, పరీక్ష కిట్‌తో రెండు మూడు రోజులకొకసారి కొలవాలి. మొదట అమ్మోనియా తగ్గుతుంది, నైట్రైట్ పెరుగుతుంది. తరువాత నైట్రైట్ తగ్గి నైట్రేట్ కనిపిస్తుంది. అమ్మోనియా పూర్తిగా తగ్గినప్పుడల్లా మళ్ళీ అదే మోతాదు కలపాలి. కలిపిన 24 గంటలలో అమ్మోనియా, నైట్రైట్ రెండూ సున్నాకు చేరిన రోజున ట్రయల్ రన్ ముగిసినట్లు. అప్పుడు చాలా భాగం నీరు మార్చి చేపలను తేవచ్చు. పాత అక్వేరియం గల మిత్రుల వద్ద నుండి వాడుకలో ఉన్న స్పాంజి ముక్క తెచ్చి మన ఫిల్టరులో ఉంచితే ఈ వ్యవధి బాగా తగ్గుతుంది.

ఆ రోజులలో మా మేనకోడలు ప్రతి ఆదివారం ఫోనులో అడిగేది: "మామయ్యా, చేపలు ఎప్పుడొస్తాయి? వచ్చినవాళ్ళందరూ రాళ్ళ మ్యూజియం పెట్టారా అని నవ్వుతున్నారు." "నైట్రైట్ ఎంత ఉందో చెప్పు తల్లీ, ఎప్పుడొస్తాయో నేను చెబుతాను" అనేవాణ్ణి. ఆ అమ్మాయి గోడ క్యాలెండరులో ఏ రోజుకారోజు అంకెలు వ్రాసి ఉంచింది. ముప్పై ఎనిమిదవ రోజున రెండు సున్నాలు వచ్చాయి. రసాయన శాస్త్ర పాఠం ఒకటి ఇంటి హాలులోనే పూర్తయింది.

మలావీ చేపలు పెంచేవారు మరొక లెక్క గుర్తుంచుకోవాలి. నీటిలోని అమ్మోనియాలో విషపూరితమైన భాగం పి.హెచ్.ను బట్టి మారుతుంది. 25 డిగ్రీల సెల్సియస్ వద్ద పి.హెచ్. 7 అయితే ఆ భాగం నూటికి 0.6 మాత్రమే, పి.హెచ్. 8 అయితే నూటికి 5.4. అనగా దాదాపు పది రెట్లు. మలావీ చేపలకు కావలసినది క్షారయుతమైన నీరే కనుక, సిద్ధం కాని తొట్టెలో అందరికంటె ముందు నష్టపోయేవి అవే.

కుళాయి నీటిలోని క్లోరిన్ మనకు రక్ష, చేపలకు శత్రువు. నీటిని వెడల్పైన పాత్రలో ఒక రోజు ఉంచి, గాలి పంపుతో కదిలిస్తే క్లోరిన్ పోతుంది. తొందర ఉన్నప్పుడు, ఒకప్పుడు ఫోటో స్టూడియోలలో వాడిన హైపో ఉపకరిస్తుంది. ఒక మిల్లీగ్రాము క్లోరిన్‌ను తొలగించడానికి సుమారు 7 మిల్లీగ్రాముల హైపో చాలు.

విద్యుత్తు, ఎండ, చలి

నీరు, విద్యుత్తు ఒకేచోట ఉన్నప్పుడు మొదట ఆలోచించవలసింది ఇంట్లోని పిల్లల గురించి. తొట్టెకు వెళ్ళే లైనుకు 30 మిల్లీ ఆంపియర్ల ఎర్త్ లీకేజీ బ్రేకరు, సక్రమమైన ఎర్తింగు తప్పనిసరి. ప్రతి తీగ ప్లగ్గు కంటె క్రిందికి వ్రేలాడి పైకి వెళ్ళేటట్లు అమర్చితే, తీగ వెంట జారిన నీటిబొట్టు సాకెట్‌లోకి పోక క్రింద పడిపోతుంది. తొట్టెలో చేయి పెట్టే ముందు హీటరు, పంపు స్విచ్చులు ఆపాలి.

ఫిల్టరు గంటకు సుమారు 3,000 లీటర్లు, అంటే తొట్టెలోని నీటిని ఆరు సార్లు, త్రిప్పగలిగి ఉండాలి. 35 వాట్ల పంపు నెలకు 25 యూనిట్లు, రోజుకు ఎనిమిది గంటలు వెలిగే 30 వాట్ల ఎల్.ఇ.డి. దీపం 7 యూనిట్లు తీసుకొంటాయి. జంషెడ్‌పూర్‌లో చలికాలపు రాత్రులు చల్లగా ఉంటాయి కనుక హీటరు అవసరం. ఆ నెలలలో దానికి రోజుకు సుమారు 3 యూనిట్లు ఖర్చవుతుంది. 400 వాట్ల హీటరు ఒకటి పెట్టే బదులు 200 వాట్లవి రెండు పెట్టడం వివేకం. ఒకటి పనిచేయకపోయినా రెండవది కొంత కాపాడుతుంది. ఒకటి ఆగకుండా పనిచేసినా నీటిని మరిగించేటంత శక్తి దానికి ఉండదు. కర్మాగారంలో స్టాండ్‌బై పంపు ఉంచే సూత్రమే ఇది.

వేసవిలో సమస్య తారుమారవుతుంది. నీరు వేడెక్కిన కొద్దీ అందులో కరిగే ప్రాణవాయువు తగ్గుతుంది. 25 డిగ్రీల వద్ద లీటరుకు 8.3 మిల్లీగ్రాములు ఉండగలిగితే, 35 డిగ్రీల వద్ద 7 మాత్రమే. పై మూత తీసి, జాలీ ఉంచి, నీటి మీదుగా చిన్న ఫ్యాను గాలి తగిలేటట్లు చేస్తే బాష్పీభవనం వలన రెండు మూడు డిగ్రీలు తగ్గుతుంది. కరెంటు పోయినప్పుడు మన కుండలోని నీరు చల్లబడే సూత్రంతో పాటు, బ్యాటరీతో నడిచే గాలి పంపు కూడా సిద్ధంగా ఉండాలి. అనేక గంటలు ఆగిపోయిన ఫిల్టరును అలాగే నడపరాదు. లోపల ప్రాణవాయువు అందక బాక్టీరియా చనిపోయి నీరు చెడి ఉంటుంది. ఆ నీటిని పారబోసి, స్పాంజిని తొట్టె నీటితోనే కడిగి మళ్ళీ నడపాలి.

ఏ చేపలు?

దుకాణంలోని అందాన్ని చూసి కాక, కుళాయిలోని నీటిని చూసి చేపను ఎంచుకోవాలి. మలావీ చేపలకు 7.7 నుండి 8.6 మధ్య పి.హెచ్., 24 నుండి 28 డిగ్రీల వేడి అనుకూలం. ఏంజెల్, డిస్కస్ చేపలకు మృదువైన, కొంచెం ఆమ్లగుణం గల నీరు కావాలి. ఆస్కార్ అడుగు పొడవు వరకు పెరుగుతుంది. ఈ పరిమాణం గల తొట్టెలో ఒక జంట చాలు. పెద్ద నుదురు గల ఫ్లవర్‌హార్న్‌ను అదృష్టం తెస్తుందని కొందరు కొంటారు. అది సహజమైన జాతి కాదు. 1990లలో మలేషియాలో సంకరం చేసి సృష్టించినది. స్వభావరీత్యా దానిని ఒంటరిగానే ఉంచాలి. ఈ రకాలన్నింటినీ ఒకే తొట్టెలో కలిపితే బలమైనది మిగులుతుంది, మిగిలినవి పోతాయి.

అక్కయ్యగారి ఇంట మలావీ చేపలనే ఎంచుకొన్నారు. పసుపురంగు గల, కొంత సాధువైన లాబిడోక్రోమిస్ రకంతో ప్రారంభించి, మొత్తం ఇరవై చేపలకు పరిమితం చేశారు. ఒక మగ చేపకు మూడు ఆడ చేపలు ఉండేటట్లు చూస్తే, మగ చేప ఒక్కదానినే వెంటాడి వేధించదు.

జంషెడ్‌పూర్ అభిరుచిపరులకు కలకత్తా పెద్ద ఆధారం. బాగ్‌బజార్ సమీపంలోని గాలిఫ్ స్ట్రీట్‌లో ఆదివారాలు జరిగే సంత అలంకార చేపలకు పేరుపొందినది. టాటానగర్ నుండి హౌరాకు రైలులో సుమారు 250 కిలోమీటర్లు. ప్రాణవాయువు నింపిన సంచులను థర్మోకోల్ పెట్టెలో పెట్టి తెస్తే చేపలు ఈ ప్రయాణాన్ని తట్టుకొంటాయి. ఇంటికి వచ్చాక సంచిని తొట్టె నీటిపై కొంతసేపు తేలనిచ్చి, కొద్ది కొద్దిగా తొట్టె నీటిని అందులో కలిపి, వలతో చేపను మాత్రమే తీసి వదలాలి. సంచిలోని నీరు తొట్టెలో పోయరాదు. తరువాత తెచ్చే కొత్త చేపలను రెండు మూడు వారాలు వేరే తొట్టెలో ఉంచి, రోగం లేదని నిర్ధారించుకొన్నాకే పాతవాటితో కలపాలి.

నిర్వహణ

రోజుకు రెండు సార్లు, రెండు నిమిషాలలో తినగలిగినంత ఆహారమే వేయాలి. మలావీ రాతి చేపలు రాళ్ళ మీది పాచిని తినేవి కనుక స్పైరులినా గుళికలు, ఉడికించిన బఠాణీ, పాలకూర వాటికి సరిపడతాయి. మాంసం ఎక్కువైతే పొట్ట ఉబ్బి చనిపోతాయి. వచ్చిన అతిథులు ముచ్చటపడి అన్నం మెతుకులు, బిస్కెట్టు ముక్కలు వేయకుండా సున్నితంగా చెప్పడం గృహిణుల పని మాత్రమే కాదు, ఇంటిల్లిపాదీ పని.

వారానికి ఒకసారి నాలుగవ వంతు నీరు మార్చాలి. ఐదడుగుల తొట్టెకు అది 120 లీటర్లు, ఎనిమిది బకెట్లు. ఈ నీరు నైట్రేట్ గలది కనుక పెరటిలోని కరివేపాకుకు, మందారానికి మంచి ఎరువు. ఫిల్టరు స్పాంజిని కుళాయి క్రింద కడిగితే క్లోరిన్ వలన బాక్టీరియా నశించి, ఆరు వారాల శ్రమ ఒక్క నిమిషంలో వ్యర్థమవుతుంది. తీసిన తొట్టె నీటితోనే దానిని పిండాలి.

బదిలీ, పదవీ విరమణ

మన వంటి ఉద్యోగ కుటుంబాలు తప్పక ఆలోచించవలసిన అంశం ఇది. చేప ఆయుష్షు పదేళ్ళు. మన క్వార్టరు ఆయుష్షు బదిలీ ఉత్తర్వు వచ్చే వరకు, లేదా పదవీ విరమణ తేదీ వరకు. బావగారికి ఇంకా మూడేళ్ళ సర్వీసు ఉన్నది. ఆ తరువాత వారు శ్రీకాకుళం చేరుకోవలసి ఉన్నది. కనుక చేపలు కొనడానికి ముందే ఇంట్లో ఈ ప్రశ్న చర్చకు వచ్చింది. అదే కాలనీలో అక్వేరియం గల మరొక కుటుంబంతో మాట్లాడి, ఆ నాటికి చేపలను వారు స్వీకరించేటట్లు ముందే మాట తీసుకొన్నారు. తొట్టె, ఫిల్టరు మాత్రమే వారితో ప్రయాణం చేస్తాయి.

ఈ ఏర్పాటు లేని కుటుంబాలలో చివరిరోజున తోచే ఉపాయం ఒక్కటే – చేపలను దగ్గరలోని చెరువులో వదలడం. టెల్కో కాలనీవారికి హడ్కో సరస్సు కూతవేటు దూరంలో ఉన్నది. సువర్ణరేఖ కూడా ఎంతో దూరం కాదు. జీవాలకు స్వేచ్ఛ ఇచ్చామన్న తృప్తి కలుగవచ్చు గాని, అది పుణ్యకార్యం కాదు. చలికి తట్టుకోలేని చేపలు మొదటి శీతాకాలంలోనే చనిపోతాయి. తట్టుకొన్నవి అంతకంటె పెద్ద కీడు చేస్తాయి. అక్వేరియంల ద్వారా వచ్చిన, ఒంటినిండా గట్టి పలకలు గల దక్షిణ అమెరికా చేప ఒకటి నేడు తెలుగునాట కాలువలలో, చెరువులలో 'రాకాసి చేప'గా మత్స్యకారుల వలలను చింపుతున్నది. తూర్పు ఆఫ్రికాలోని విక్టోరియా సరస్సులో 1950లలో వదిలిన నైలు పెర్చ్ అనే చేప పెరిగిపోయి, 1980ల నాటికి అక్కడి సిక్లిడ్‌లలో వందలాది రకాలు కనుమరుగయ్యాయి. మనం ముచ్చటపడి పెంచుకొనే సిక్లిడ్‌ల దాయాదులకే ఆ గతి పట్టింది. కనుక చేపను చెరువులో వదలరాదు. మరొక పెంపకందారునికి గాని, దుకాణానికి గాని అప్పగించాలి.

మొత్తం మీద ఐదడుగుల తొట్టె పెట్టదలచినవారు చేపల ధర కంటె ముందు నాలుగు ప్రశ్నలు వేసుకోవాలి. నేల మోస్తుందా? నీరు సిద్ధమైనదా? వారానికి ఎనిమిది బకెట్లు మోయడానికి ఇంట్లో ఎవరున్నారు? మనం ఈ ఊరు విడిచిన నాడు వీటి బాధ్యత ఎవరిది? ఈ నాలుగింటికీ సమాధానం దొరికిన ఇంట ఎన్నుకొన్న చేప ఏదైనా హాయిగా బ్రతుకుతుంది. సమాధానం దొరకకపోతే, మరికొన్నాళ్ళు ఆగడం మనకూ మంచిది, చేపలకూ మంచిది. విశాఖ సముద్రతీరంలోని మత్స్యదర్శినికి పిల్లలను తీసుకొని వెళ్ళి చూపించడం అంతవరకు ఎలాగూ ఉన్నదే.